కుడికాలితో గేరు, ఎడమకాలితో బ్రేకు: తిరుపతి నుంచి ఐరాల తోట దాకా

మా వీధి మునిరత్నం అన్నకు నిరుడు పక్షవాతం వచ్చింది. చేతులు, మాట బాగానే కోలుకున్నాయి గానీ కుడికాలు మాత్రం నేల మీద ఈడ్చుకుంటూ నడవాల్సిందే. ఆయన దగ్గర బర్మింగ్‌హామ్‌లో తయారైన మూడువందల యాభై సీసీ పాత బండి ఒకటుంది. వయసులో ఉన్నప్పుడు ఐరాలలోని స్నేహితుడు చెంగల్రాయుడి దగ్గర కొన్నాడు. పెళ్ళయ్యాక సులోచన వదినను తీసుకొచ్చిందీ, ఆమెకు నొప్పులొస్తే ఆసుపత్రికి పరుగెత్తిందీ దాని మీదే. ఆ బండికి కిక్కూ కుడివైపే, గేరూ కుడివైపే. అంటే ఆయన ఇక నడపలేడు. పాత బండ్ల పిచ్చి ఉన్నవాణ్ణి కాబట్టి ఇంజను బిగుసుకుపోకుండా ఆదివారాలు వెళ్ళి నేనే కిక్కు కొట్టి వస్తుండేవాణ్ణి. మొన్న జూన్‌లో ఒక ఆదివారం ఆయన, "ప్రసాదూ, నువ్వు నడుపు, నేను వెనక కూర్చుంటా. చెంగల్రాయుడి తోట దాకా పోయొద్దామబ్బా" అన్నాడు. కాదనలేకపోయాను.

నేను రోజూ నడిపే బండికి గేరు ఎడమవైపు, బ్రేకు కుడివైపు. దీనికి అంతా తిరగబడి ఉంటుంది. నాలుగు రోజులు మునిసిపల్ మైదానంలో తిప్పి అలవాటు చేసుకున్నాను. అయినా బయలుదేరే ముందు రోజు మంచం మీద పడుకుని కూడా కాళ్ళు ఆడిస్తూనే ఉన్నాను. పొద్దున ఆరింటికి గేటు దగ్గర వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఆయనకు చెప్పి లాభం లేదు, నీకు చెప్తాండా. బిరీన పోవద్దు. యాడన్నా ఆయన కాళ్ళు తిమ్మిరెక్కినాయంటే ఆపెయ్యి." సరేనన్నాను.

పెట్రోలు ఐదువందలకు పట్టించి చంద్రగిరి మీదుగా పాకాల దారి పట్టాం. పెద్ద రోడ్డు మీద లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే హ్యాండిల్ వణికేది. నలభై దాటనివ్వలేదు. ప్రతి మలుపు దగ్గరా లోపల నాకు నేనే 'బ్రేకు ఎడమ, గేరు కుడి' అని చెప్పుకుంటూ పోయాను. వెనక మునిరత్నం అన్న మాత్రం, "ఇంజను మాట వింటాండావా? నీళ్ళు తాగినంత సుఖంగా ఉండాది దానికి" అని మురిసిపోతున్నాడు. పాకాల రైల్వే స్టేషన్ దగ్గర చిన్న హోటల్లో ఆగాం. ఇద్దరికీ ఇడ్లీ, వడ, కాఫీ కలిపి నూటనలభై. పొయ్యి దగ్గరున్న అమ్మ బయటికి తొంగిచూసి, "ఏం బండప్పా ఇది, ముసలాయన దగ్గినట్ట దగ్గతాండాది?" అంది. "ముసలాయనను నేను, బండి కాదులేమ్మా" అన్నాడు అన్న. ఆమె నవ్వి ఇంకో గరిటె చట్నీ వేసింది.

పాకాల దాటి ఐరాల వైపు లోపలి దారుల్లోకి తిరిగాక రద్దీ తగ్గింది. నా గుండె కొంచెం కుదురుకుంది. ఆ కుదురే ముంచబోయింది. ఒక మలుపు తిరగగానే మామిడికాయల ట్రాక్టరు తోటలోంచి రోడ్డెక్కి అడ్డంగా నిలబడింది. నా కుడికాలు దానంతటదే కిందికి నొక్కేసింది. అది బ్రేకు కాదు, గేరు. బండి ఆగలేదు సరికదా, పై గేరులో పడి ఇంకా ముందుకు సాగింది. "ఎడమ! ఎడమకాలు!" అని చెవిలో కేక. ఎడమకాలు నొక్కాను. వెనక చక్రం జారింది, బండి మట్టిలోకి దిగి, ట్రాలీకి మూరెడు దూరంలో ఆగి కుడివైపు ఒరిగింది. అన్న కుడికాలు ఆనించలేడు. నా కాలి మీదే ఇద్దరి బరువూ, బండి బరువూ. ట్రాక్టరతను దూకి వచ్చి పట్టుకోకపోతే పడేవాళ్ళమే.

రోడ్డు పక్కన రాయి మీద ఇద్దరం కూర్చున్నాం. "అన్నా, మినీ వ్యాన్ పిలిపిస్తా. నాతో కాదు" అన్నాను. ఆయన, "నాకూ భయంగానే ఉండాది. నీకు వద్దనిపిస్తే ఈడే ఆపేద్దాం, నేనేమనుకోను" అన్నాడు. ధైర్యం చెప్పి ఉంటే నేను తప్పకుండా వ్యానే పిలిచేవాణ్ణి. ఆయనకూ భయమేనని విన్నాక ఎందుకో లేచి కిక్కు కొట్టగలిగాను. మిగిలిన దారంతా బ్రేకు అవసరమైన చోటల్లా ఆయన నా ఎడమ భుజం తట్టాడు.

తోటలో చెంగల్రాయుడు గారు తోతాపురి మామిడికాయలు కోయిస్తున్నారు. ఇద్దరు మిత్రులూ ఒకరి చేతులొకరు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు. మజ్జిగ తాగాక మునిరత్నం అన్న బండి చుట్టూ మెల్లగా తిరిగి ఎడమవైపు ఆగాడు. "బ్రేకు నా మంచి కాలికే కదా ఉండాది. గేరు ప్రసాదు వేసిస్తే సాలు. చెట్ల సాళ్ళ మధ్య దారి నేరుగా ఉండాది, ఎవురూ రారు."

"నీకేమన్నా పిచ్చా రా? నేనొప్పుకోను" అన్నారు చెంగల్రాయుడు గారు. సరిగ్గా అప్పుడే వదిన ఫోను. నేను తడబడుతుంటే అన్నే అందుకుని దారిలో జరిగిందీ, ఇప్పుడు తను అనుకుంటున్నదీ అంతా చెప్పేశాడు. వదిన, "ప్రసాదును వెనక కూర్చుని గట్టిగా పట్టుకోమనండి. ఫోను పెట్టను, ఇంటా ఉంటా" అంది.

కిక్కు నేను కొట్టాను, క్లచ్ ఆయన పట్టుకున్నాడు, గేరు నేను చేత్తో వేసి వెనక ఎక్కాను. ఫోను చెంగల్రాయుడు గారి చేతిలో ఉంది. బండి కదిలింది. నా రెండు కాళ్ళూ నేలకు జానెడు ఎత్తులో ఆడుతున్నాయి, ఎప్పుడు ఒరిగితే అప్పుడు ఆనించడానికి. మామిడి కొమ్మలు భుజాలకు తగులుతున్నాయి. అన్న ఒక్కసారి కూడా తడబడలేదు. తోట చివర కంచె దగ్గర ఎడమకాలితో మెత్తగా నొక్కి ఆపాడు. వెనక్కి తిరగలేదు. "సాలబ్బా" అన్నాడు. "ఇంక వ్యాను పిలువు. నువ్వు పొద్దున్నించీ భయపడతానే ఉండావు."

తిరుగు ప్రయాణం మినీ వ్యాన్‌లోనే. రెండున్నర వేలైంది, బండికి తాళ్ళు కట్టి, మేమిద్దరం డ్రైవరు పక్కన. ఈ ప్రయాణం గొప్పగా జరిగిందని చెప్పలేను. భయం పోయిందనీ చెప్పలేను. ఆ ట్రాక్టరు ఇప్పటికీ కలలోకి వస్తోంది. కానీ పాత బండి ఉంచుకోవడమంటే మెరుగు పెట్టి ఫోటోలు తీసుకోవడమేనని అనుకునేవాణ్ణి. ఒక మనిషి తన ఒంట్లో మిగిలిన బలాన్ని ఎక్కడ వాడుకోవచ్చో వెతుక్కోవడం కూడా అందులో ఉంటుందని ఆ సాళ్ళ మధ్య తెలిసింది. మీరూ ఇలాంటి బండి మీద ఈ దారిన రావాలనుకుంటే ఒకటే మాట: ఖాళీ మైదానంలో నాలుగు రోజులు చాలవు. ఎవరైనా ఉన్నట్టుండి అడ్డంగా చెయ్యి చాపినా, ఆలోచించకుండా సరైన కాలే కదిలేదాకా రోడ్డెక్కకండి.