రేపల్లె బస్సులో ఊళ్ల పేర్లు

తెనాలి స్టేషన్లో రేపల్లె బండి ఎక్కేసరికి ఏడు దాటింది. కార్తీకం చివరి రోజులు. మంచు ఇంకా విడలేదు. నాకు మామూలుగానే లోకం సన్నటి గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తుంది. నడిమధ్య కాస్త వెలుగు, చుట్టూ మసక. చీకటి పడితే ఆ కాస్తా ఉండదు. ఆ పొద్దున మాత్రం చూపు బాగున్నవాళ్లకీ ప్లాట్‌ఫారం చివర కనిపించడం లేదట.

"ఇవాళ అందరం ఒకటే" అన్నాడు ప్రసాద్, కిటికీ పక్కన సర్దుకుంటూ.

ప్రసాద్‌కి పుట్టుకతోనే చూపు లేదు. తెనాలిలో పిల్లలకి కంప్యూటర్ నేర్పుతాడు. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. చూపు లేనివాళ్లం, సగం చూపువాళ్లం ఈ చుట్టుపక్కల ఊళ్లలో కొందరం ఫోన్లో మాటలు పంపుకుంటూ ఒక జట్టుగా ఏర్పడ్డాం. అందరం పాతికలోపు వాళ్లమే. మేం అడుగుతున్నది పెద్ద కోరికేం కాదు. బస్సు ఏ స్టాపులో ఆగిందో కండక్టరు గట్టిగా చెప్పాలి, అంతే. ఆ మాట చెప్పడానికి మధ్యాహ్నం బాపట్ల బస్సు డిపోలో ఆఫీసరు గారు మమ్మల్ని రమ్మన్నారు. తెనాలి నుంచి బాపట్లకి నేరుగా రైలుంది. అయినా మేం రేపల్లె మీదుగా చుట్టు తిరిగి బయల్దేరింది షమీమ్ కోసం.

షమీమ్‌ది రేపల్లె. బాపట్లలో డిగ్రీ రెండో ఏడు. తనకీ బొత్తిగా కనిపించదు. రోజూ ఒక్కతే బస్సులో వెళ్లొచ్చేది. మొన్న వానాకాలంలో ఒకరోజు బస్సు దారి మళ్లింది. ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పలేదు. బాపట్ల వచ్చేసిందనుకుని దిగిపోయింది. బస్సు వెళ్లిపోయింది. చుట్టూ వాన, పొలాలు. ఫోన్ తడిసి ఆగిపోయింది. పొలం నుంచి ఇంటికి వెళ్తున్న దంపతులు చూసి తీసుకెళ్లి కూర్చోబెట్టి, షమీమ్ నాన్నకి కబురు చేశారు. ఆ రోజు నుంచి ఆయన తనని కాలేజీకి పంపలేదు. పరీక్షలు దగ్గరపడ్డాయి.

"ఈ ప్రయాణం సాఫీగా జరిగితే మా అబ్బా ఒప్పుకుంటాడక్కా. నాతో వస్తానన్నాడు" అని ముందురోజు షమీమ్ ఫోన్లో రికార్డు చేసి నాకు పంపింది. ఆ గొంతులో ఆశ కంటే భయమే ఎక్కువ.

బండి కదిలింది. రేపల్లె వెళ్లదలిచినవాళ్లు ఈ పొద్దుటి బండినే అందుకోండి. జనం తక్కువ, గాలి చల్లన. వేమూరు దాటాక మంచు మెల్లగా పల్చబడి, దాని వెనకనుంచి పండిన వరి రంగు బయటికొచ్చింది. నా గొట్టంలో ఒకసారికి ఒక చిన్న ముక్కే పడుతుంది. ఒక గట్టు, ఒక కొంగ, నీళ్లలో సగం సూర్యుడు. వాటిని నేనే కలుపుకోవాలి. కలుపుకునేలోపే నిద్ర ముంచుకొచ్చేది. మళ్లీ కళ్లు తెరిస్తే ఇంకో గట్టు, ఇంకో కొంగ. నిద్రలో చూస్తున్నానో మెలకువలోనో తెలియలేదు.

ఎదుటి సీట్లో తమలపాకుల బుట్టతో ఒక పెద్దాయన ఉన్నాడు. బోగీ అంతా పచ్చి ఆకు వాసన.

"ఎందాకా బాబూ, గుడికా?" అనడిగాడు ప్రసాద్‌ని. మా చేతికర్రలు చూసినవాళ్లు ముందు అదే అడుగుతారు.

"కాదండి, బస్సు డిపోకి. ఏ ఊరొచ్చిందో బస్సులో చెప్పమని అడగడానికి."

పెద్దాయన ఆశ్చర్యంగా, "చెప్పరా ఏంటి?" అన్నాడు.

భట్టిప్రోలులో దిగుతూ మా ఇద్దరి చేతుల్లో చెరో నాలుగాకులు పెట్టి వెళ్లాడు.

రేపల్లె స్టేషన్ నుంచి బస్టాండుకి ఆటోలో వెళ్లాం. పెనుమూడి వైపు నుంచి ఏటిగాలి వీస్తోంది. బస్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీలు బాగుంటాయి. వేడివేడిగా, వేరుశెనగ చట్నీ చాలినంత వేస్తారు. షమీమ్, వాళ్ల నాన్న మస్తాన్ గారు అక్కడే ఎదురుచూస్తున్నారు. ఆయన దర్జీ. మనిషి మెత్తన, మాట తక్కువ. నేను బాబాయ్ అని పిలుస్తాను.

"నేనేం అడ్డం రానమ్మా. చూస్తాను, అంతే" అన్నాడు, టీ గ్లాసు కింద పెట్టి.

"చూసి?" అంది షమీమ్.

"చూసి చెప్తా."

బాపట్ల బస్సు తొమ్మిదిన్నర ప్రాంతంలో కదిలింది. కండక్టరు ఒక నడివయసావిడ. ముందుగానే మేం అనుకున్న పని ప్రసాద్ ఆవిడతో చెప్పాడు. "మేడమ్, దారిలో ఊళ్ల పేర్లు ఇవాళ మేం పిలుస్తామండి. మీకేం ఇబ్బంది లేదుగా?"

"పిలుచుకోండి నాయనా. నా గొంతు టికెట్లకే సరిపోవడంలేదు" అందావిడ.

చెరుకుపల్లి వంతు ప్రసాద్‌ది. బజారు రొద చెవిన పడగానే "చెరుకుపల్లీ, చెరుకుపల్లీ" అని రైల్వే అనౌన్సర్ లాగా సాగదీశాడు. బస్సంతా నవ్వింది. దిగాల్సినవాళ్లు దిగారు. బాబాయ్ కూడా చిన్నగా నవ్వినట్టు అనిపించింది. మా వెనక సీట్లోనే ఉన్నాడాయన.

తర్వాతి ఊరు చందోలు. అది షమీమ్ వంతు. ఆ దారి తనకి కంఠతా వచ్చు. ఎక్కడ మలుపు, ఎక్కడ స్పీడ్ బ్రేకరు, ఎక్కడ బస్సు నెమ్మదిస్తుంది, అన్నీ ఒళ్లే చెబుతుందనేది. సీటు కడ్డీ మీద వేళ్లు వేసి, తల కొంచెం వంచి కూర్చుంది. ఎండ, కిటికీ ఊచల నీడలూ తన ముఖం మీద కదులుతున్నాయి. బస్సు నెమ్మదించింది. ఎడమకి ఒరిగింది. ఆగింది.

"చందోలు!" అంది షమీమ్ గట్టిగా.

ముందు సీట్లోని మామ్మగారొకావిడ బుట్ట ఎత్తుకుని గబగబా లేచింది.

"కూర్చోండి మామ్మగారూ, ఇంకా రాలేదు. కల్వర్టు పని జరుగుతోంది, అందుకే ఆగింది" అని కండక్టరమ్మ కేకేసింది.

ఎవరో కిసుక్కున నవ్వారు. షమీమ్ వేళ్లు కడ్డీ మీద బిగుసుకోవడం నా సన్నటి వెలుగులో సరిగ్గా పడింది. వెనక్కి తిరిగి బాబాయ్ ముఖం వెతుక్కునే ధైర్యం నాకు లేకపోయింది.

బస్సు మళ్లీ కదిలింది. అసలు చందోలు దగ్గరకొచ్చింది. షమీమ్ నోరు విప్పలేదు. "చెప్పు" అన్నాను మెల్లగా. తల అడ్డంగా ఊపింది. బస్సు ఆగింది.

మామ్మగారు లేచి, దిగడానికి బదులు మా సీటు దగ్గరకొచ్చింది.

"ఏమ్మా, ఇదేనా చందోలు?"

షమీమ్ తల దించుకుంది.

"నాకు చదువు రాదమ్మా. బోర్డు మీద ఏం రాశారో తెలీదు. ఎక్కిన కాడ్నుంచి పక్కోళ్లని అడుక్కుంటానే కూచుంటా. ఇయ్యాలే కాస్త నిమ్మళంగా కూచున్నా. తప్పొస్తే తప్పొచ్చింది, పక్కోళ్లు దిద్దుతారు. నువ్వు పలకడం మానేస్తే ఎట్టా?"

"చందోలేనండి" అంది షమీమ్.

"అదీ!" అని మామ్మగారు దిగిపోయింది.

ఆ తర్వాత జరిగింది మేం అనుకున్నది కాదు. పిట్టలవానిపాలెం వస్తుండగా షమీమ్ ఇంకా నోరు తెరవకముందే, తలుపు దగ్గర నిలబడ్డ కుర్రాడు "అక్కా, పిట్టలవానిపాలెం, చెప్పండి" అన్నాడు. షమీమ్ చెప్పింది. అటుపై వచ్చిన చిన్నచిన్న స్టాపులకి కూడా ఎవరో ఒకరు తలెత్తి చూసి పేరందిస్తే, తను పెద్దగా పలికింది. కొంతసేపటికి ఎవరు అందిస్తున్నారో, ఎవరు పలుకుతున్నారో తేడా తెలియలేదు. ఆడవాళ్ల గొంతులు, మగవాళ్ల గొంతులు, ఊరి పేరు వెనక ఊరి పేరు. కిటికీలోంచి తడిసిన గడ్డి వాసన. కర్లపాలెం దాటాక సరుగుడు తోటల్లోంచి హోరుగాలి కలిసింది. దూరంగా సముద్రం ఉందని ఆ గాలికే తెలుస్తుంది. చిన్నప్పుడు మధ్యాహ్నాలు నిద్ర పట్టబోయే వేళ పెద్దవాళ్ల మాటలు పక్కగదిలోంచి వినిపించేవి. ఏం మాట్లాడుతున్నారో తెలియదుగానీ, వాళ్లున్నారన్న నిమ్మళం ఉండేది. ఆ బస్సులో నాకు అలాగే ఉంది.

బస్సు ఊళ్లోకి మలుపు తిరిగింది. షమీమ్ గొంతు సవరించుకునేలోపే వెనకనుంచి ఎవరో బొంగురుగా, అలవాటు లేని పెద్ద గొంతుతో అరిచారు.

"బాపట్ల! బాపట్ల వచ్చేసింది!"

మస్తాన్ బాబాయ్. అరిచాక ఆయనకే సిగ్గేసినట్టుంది, దగ్గాడు. షమీమ్ వెనక్కి చెయ్యి చాపింది. ఆ చేతిని ఆయన పట్టుకున్నాడో లేదో చూడకుండా నేను కిటికీ వైపు తిరిగాను.

బస్టాండు పక్కన మెస్‌లో భోజనం చేశాం. గోంగూర పచ్చడి, పప్పు, పులుసు. రెండున్నరకి డిపోకి వెళ్లాం. ఆఫీసరు గారు కుర్చీలు వేయించారు. విన్నారు. మాట్లాడబోతున్న ప్రసాద్‌ని ఆపి షమీమ్ ముందుకొచ్చింది.

"ఇవాళ నేను ఒక ఊరు తప్పు చెప్పానండి. ఆ దారిలో ఏడాదిగా తిరుగుతున్నాను, అయినా తప్పాను. దారి ఎంత తెలిసినా సరిపోదండి. ఎవరో ఒకరు చెప్పాలి. మాకే కాదు, బోర్డు చదవలేని మామ్మగార్లకి, కొత్తగా వచ్చినవాళ్లకి, నిద్రపోయేవాళ్లకి కూడా."

ఆయన నవ్వారు. స్పీకర్లు పెట్టడం తన చేతుల్లో లేదని, పైవాళ్లకి రాస్తానని అన్నారు. రేపల్లె దారిలో కండక్టర్లు పేర్లు పిలవాలని మాత్రం ఈ వారంలోనే చెప్పిస్తానన్నారు. "నెల చూద్దాం. సరిగ్గా జరక్కపోతే మళ్లీ రండి."

"వస్తామండి" అన్నాడు ప్రసాద్. అది కృతజ్ఞతో హెచ్చరికో ఆయనకి తెలిసేలాగే అన్నాడు.

బయటికొచ్చాక బాబాయ్ షమీమ్ వైపు తిరిగాడు. "సోమవారం నుంచి వెళ్లు బేటీ" అన్నాడు. "మొదటి రోజు మాత్రం నేను ఆఖరి సీట్లో ఉంటా. మాట్లాడను."

"దగ్గుతావుగా అబ్బా, తెలిసిపోతుంది" అంది షమీమ్. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే తను కళ్లు తుడుచుకుంది.

వాళ్లు రేపల్లె బస్సెక్కారు. పొద్దుటి బస్సే, ఆ కండక్టరమ్మే. మేమిద్దరం నడుచుకుంటూ స్టేషన్‌కి వెళ్లి సాయంత్రం పాసింజరు అందుకున్నాం. అది అన్ని స్టేషన్లలోనూ ఆగుతుంది, తొందరున్నవాళ్లు ఎక్కకండి. తొందర లేకపోతే దీన్ని మించిన బండి లేదు. వెలుగు తగ్గేకొద్దీ నా గొట్టం మూసుకుపోయింది. నిడుబ్రోలు దగ్గరికి వచ్చేసరికి అంతా చీకటే. ఏటా ఈ చీకటి కొంచెం ముందుగా వస్తోంది. ఏదో ఒకనాడు పొద్దున్నే వచ్చి ఉండిపోతుందని డాక్టరు చెప్పాడు. ఆ మాట తలుచుకుంటే రోజూ గుండె జారేది. ఆ సాయంత్రం తలుచుకున్నాను, జారలేదు. ఎందుకో చెప్పలేను. రోజంతా ఎవరెవరి కళ్లతోనో చూసి, ఎవరెవరి గొంతుతోనో మాట్లాడినట్టుంది. నా చూపు తక్కువైనా లోటనిపించలేదు.

ఫోన్ మోగింది. షమీమ్. చాలా మెల్లగా, గుసగుసగా మాట్లాడుతోంది.

"ఏంటి, ఏమైంది?" అన్నాను కంగారుగా.

"ఏం లేదక్కా. కండక్టరమ్మ ప్రతి స్టాపూ పిలుస్తోంది. ఇప్పుడే చెరుకుపల్లి దాటాం."

"మరి గుసగుసలెందుకు?"

"అబ్బా నిద్రపోయాడు. నా భుజం మీద" అంది. "నేనున్నాగా. ఊరు రాగానే లేపుతా."