పచ్చల బుద్ధుడి గుడిలో పావుగంట

బాంకాక్ చూడాలని నేనెప్పుడూ కోరుకోలేదు. నేను కోరుకున్నది రాజంపేట. ఎనభైలలో ఒక వేసవిలో, కువైట్ రుమైథియాలో నేను పనిచేసే ఇంటివాళ్లు బాంకాక్ వెళుతూ, నాలుగేళ్ల నూరాను చూసుకోవడానికి నన్నూ తీసుకెళ్లారు. "తిరుగుదారిలో విమానం బొంబాయిలో ఆగుతుంది. నిన్నక్కడ దింపి నెల సెలవిస్తానేమో, చూద్దాం," అంది మామా. యజమానురాలిని పనివాళ్లమంతా అలాగే పిలుస్తాం. అక్క దగ్గర వదిలివచ్చిన నా కూతురు సుజాతను చూసి అప్పటికి నాలుగేళ్లు దాటింది. ఆ "చూద్దాం" అన్న మాటకి నరకానికైనా వెళ్లేదాన్ని, బాంకాక్ ఎంత!

తిరిగి వచ్చే ముందురోజు ఉదయం ఎనిమిదింటికి హోటల్ ముందు టూరు వ్యాను ఎక్కాం. మధ్యాహ్న భోజనం టికెట్టులోనే కలిసి ఉంది. వ్యానులో చీర కట్టుకున్న ఒక పెద్దావిడ "తెలుగువాళ్లా?" అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. విజయవాడ నుంచి భర్తతో వచ్చిందట.

"పిల్లలెంతమంది?" అనడిగింది.

"ఒకే ఆడబిడ్డక్కా, ఇంటికాడ ఉండాది. ఇంక మూడు దినాలకి దాన్ని సూస్తా," అన్నాను. మామా ఇంకా ఖాయం చేయనేలేదు. నా నోరే ఆగలేదు.

తొమ్మిదింటికి రాజుగారి కోట చేరాం. మోకాళ్లు కనబడే బట్టలేసుకున్న వాళ్లను గేటు దగ్గరే ఆపేస్తున్నారు, వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి. లోపల వసారా గోడల పొడవునా రామాయణమే! వారధి కట్టే కోతులు, తెల్లటి ఆంజనేయుడు. తోలుబొమ్మలాట చూసి పెరిగినదాన్ని, గైడమ్మాయి నోరు తెరవకముందే నూరాకు కథంతా అరబ్బీలో చెప్పేశాను. "నీకెలా తెలుసు?" అంది గైడు. "మా రాముడే గదా!" అన్నాను వచ్చీరాని ఇంగ్లీషులో, కాస్త గీరగానే.

పదిన్నరకు పచ్చల బుద్ధుడి గుడి. మామా లోపలికి రానంది. నూరాను తన దగ్గరే ఉంచుకుని, "యల్లా, నువ్వు వెళ్లిరా. పావుగంట," అంది. నాలుగేళ్ల తర్వాత గుడి మెట్టెక్కడం అదే. బుద్ధుడు చిన్నవాడే, ఎక్కడో ఎత్తున బంగారు పీఠం మీద ఉన్నాడు. ఏడాదికి మూడుసార్లు రాజుగారే వచ్చి ఆయనకు వస్త్రాలు మారుస్తారట. ఆయన వైపు కాళ్లు చాపకూడదు, వెనక్కి మడిచి కూర్చోవాలి.

అలాగే కూర్చుని, చేతులు జోడించి ఎదురుచూస్తున్నాను. పెద్దావిడ పక్కకొచ్చి "ఎవరికోసమమ్మా?" అంది.

"అయ్యోరు వచ్చి గోత్రం, పేర్లు అడగల్ల గదక్కా?"

ఆవిడ నవ్వింది. "ఇక్కడ అడిగేవాళ్లెవరూ ఉండరు. నువ్వే చెప్పుకో."

కళ్లు మూసుకున్నాను. గోత్రం చెప్పాను, మా ఆయన పేరు, నా పేరు చెప్పాను. తర్వాత బిడ్డ పేరు చెప్పబోతే "నూరా" అని వచ్చింది. ఛీ, నా నోరు పడిపోను! ఏడుపొచ్చింది. "సుజాత, సుజాత" అంటూనే ఉన్నాను, గైడు వచ్చి భుజం తట్టేదాకా.

పన్నెండున్నరకు అన్నం, కోడిగుడ్డు అట్టు. వాళ్ల కారం మా సీమకేమీ తీసిపోదు. రెండింటికి పడుకున్న బుద్ధుడి గుడి. ఆ చివర నుంచి ఈ చివరకు నడిచేసరికి నూరా అలిసిపోయింది. బుద్ధుడి అరిపాదాల్లో ముత్యపుచిప్పలు పొదిగారు, తప్పక చూడాలి. నాలుగింటికి నది మీద పడవలో వెళుతూ అవతలి ఒడ్డున ఉన్న గోపురాన్ని చూశాం. నూరా నా భుజం మీద నిద్రపోయింది.

మామా చాలాసేపు మమ్మల్నే చూసింది. "పొద్దున పావుగంట నువ్వు లేకపోతే ఇది ఎంత ఏడ్చిందో తెలుసా? ఇక నెలంటే నావల్ల కాదు. వచ్చే ఏడాది పోదువులే. ఖలాస్."

నూరాను ఇంకో భుజం మీదికి మార్చుకున్నాను. నా పాస్‌పోర్టు ఆమె సంచిలోనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం బొంబాయిలో విమానం గంటసేపు ఆగింది. తలుపు తీయగానే వానకు తడిసిన గాలి లోపలికొచ్చింది. స్టేషనుకెళ్లి మద్రాసు మెయిలెక్కితే మర్నాటికి రాజంపేట. దిగేవాళ్లు సంచులు తీసుకుని దిగిపోతున్నారు. సీట్లు దులపడానికి వచ్చినామె నా ముఖం చూసి ఆగి, "ఉతర్నా నహీఁ క్యా?" అంది, దిగవా అని. నూరా నా ఒళ్లో నిద్రపోతోంది. "నహీఁ, కువైట్," అన్నాను.

బాంకాక్ మంచి ఊరు, వీలున్నవాళ్లు వెళ్లిరండి. పొద్దున్నే బయల్దేరితే ఒక్కరోజులో ఇవన్నీ చూడొచ్చు. కువైట్‌కు తిరిగొచ్చేటప్పుడు మాత్రం, దిగే వీల్లేనివాళ్లు బొంబాయిలో ఆగే విమానం ఎక్కకండి.