మొదటి తొట్టి

డెలానీపూర్‌లో మా క్వార్టర్స్ వెనక కూలిన కొబ్బరిచెట్టును నిన్న ముక్కలు చేశారు. మాను లోపలి గుజ్జు పులిసిన తీపి వాసన కిటికీలోంచి రాగానే మేరీ దీదీ గుర్తొచ్చింది. నేను టీచరుగా ఈ దీవుల్లోనే ఉత్తరాన ఉన్న మాయాబందర్‌లో చేరినప్పుడు మా పక్కిల్లు ఆవిడది. కరెన్ తెగ మనిషి, భర్త లేడు. కొబ్బరి గుజ్జును తొట్లలో నింపి ఎర్రముక్కు పురుగుల్ని వదిలేది. వాటి పిల్లపురుగులు బొటనవేలంత లావెక్కాక కొన్ని ఇంట్లో వేయించుకొని, మిగిలినవి బజారుకు పంపేది. ఇల్లు గడిచేది వాటి మీదే. నేను మాత్రం ముక్కు మూసుకొని కాపురముండేదాన్ని.

సునామీ నాటికి ఆవిడ ఒక్కగానొక్క కొడుకు తాపీ పనికి కార్ నికోబార్ వెళ్ళి ఉన్నాడు. తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. ఆ తర్వాత దీదీ తొట్టి మూత తీయడం మానేసింది. పిల్లపురుగులు ముదిరి రెక్కలొస్తే ఇక అమ్ముకోవడానికేమీ ఉండదు. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. ఉండబట్టలేక అడిగాను.

“మూత తీయవేం దీదీ? బజారువాళ్ళు అడుగుతున్నారు కదా!”

దీదీ తెలుగువాళ్ళ కొట్లలో నేర్చిన తెలుగును హిందీతో కలిపి మాట్లాడేది. “ఎలా తీసేది టీచర్‌జీ? పెహలా తొట్టి ఇంట్లో ఇద్దరు కూర్చుని తినాలి. తర్వాతే అమ్మేది. మా అమ్మ నుంచీ అదే రివాజ్. ఇప్పుడు నాతో కూర్చునేది కౌన్?”

కోడిగుడ్డు కూడా ముట్టని ఇంట్లో పుట్టాను నేను. అది తెలిసే నన్ను అడగలేదు. అడిగి ఉంటే ఏదో వంక చెప్పి తప్పించుకునేదాన్నేమో. మర్నాడు బడి నుంచి నేరుగా వెళ్ళి ఆవిడ వంటింట్లో పీట వేసుకున్నాను.

“వడ్డించు దీదీ.”

ఆవిడ నా కంచం నింపేసింది. “అయ్యో, ఇంతా!” అన్నాను.

“ఖా లో బేటీ, తిను. అందులో వాడి వాటా కూడా ఉంది.”

కళ్ళు మూసుకొని నమిలాను. వేయించిన కొబ్బరిలా కమ్మగానే ఉంది. కానీ ఏడుపు ఆగలేదు. “ఇత్నా బురా లగా? అంత బాలేదా?” అని నవ్వబోయి ఆవిడా ఏడ్చింది. మర్నాడు తొట్లు బజారుకెళ్ళాయి.

బదిలీ అయి వచ్చేటప్పుడు నాకూ ఒక తొట్టి కట్టి ఇచ్చింది. అప్పటినుంచీ ఇక్కడ పెంచుతున్నాను. ప్రతి విడతలో మొదటి తొట్టి బస్సులో మాయాబందర్ తీసుకెళ్ళి ఆవిడతో కూర్చుని తినేదాన్ని. పోయిన వానాకాలంలో దీదీ పోయింది. పెళ్ళి చేసుకోలేదు, ఇక్కడ తలుపు తట్టే పొరుగూ లేదు. ఒంటరితనం ఇంత బరువని అనుకోలేదు.

ఇవాళ ఈ విడత మొదటి తొట్టి మూత తీశాను. రెండు కంచాలు పెట్టాను. నా వాటా తిన్నాక, ఎదుటి కంచం దగ్గరకు జరుపుకొని ఆవిడ వాటా కూడా తిన్నాను.