హాడ్ అంటే దగ్గరికొచ్చే కుక్క

ఏడు ఒంటి చెప్పులు, మూడు మేజోళ్లు, టిఫిన్ డబ్బా మూత ఒకటి, ఉతికి ఆరేసిన బనియన్ ఒకటి. మస్కట్ అవతల రాతి కొండల కింద ఉన్న కూలీల క్యాంపులో, మూడేళ్లలో, ఒకే ఒక వీధికుక్క వల్ల నేను పోగొట్టుకున్నవి ఇవి. ఈ పొద్దున కరీంనగర్‌లో ఓ కుక్కపిల్ల మా ఇంటామె చెప్పు నోట కరుచుకుని ఉరుకుతుంటే, ఆమె కేకలు వేస్తుంటే, నేను మాత్రం నవ్వుతూ ఈ జాబితా అంతా వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

చదివింది ఏడో తరగతే అయినా లెక్కలు నాకు నేనే నేర్చుకున్నవాణ్ణి కనుక అక్కడ ఇనుప చువ్వలు లెక్కించి అప్పగించే పని దొరికింది. సాయంత్రం చువ్వలు అయిపోతే కుక్కలను లెక్కపెట్టేవాణ్ణి. పంతొమ్మిది. వాటిలో ఒక ఎర్ర ఆడకుక్క మా గది గడపనే పట్టుకుంది. నా గదిలో ఆసిఫాబాద్ నుంచి వచ్చిన ఒక అన్న ఉండేవాడు, తాపీ మేస్త్రీ, మనుషులతో మాట తక్కువ. వాళ్ల వైపు మరాఠీ కలిసిన తెలుగు, కుక్కను తరమాలంటే "హాడ్" అంటారు. ఆయన హాడ్ హాడ్ అని అదిలించడం, అది కదలకపోతే మనసు కరిగి కుబ్బూస్ రొట్టె ముక్క విసరడం, ఇలా నెల తిరిగేసరికి ఆ కుక్క తన పేరే హాడ్ అనుకుంది.

"పొమ్మంటే తోక ఊపుకుంట మీదికొస్తవేందే? నీకు తెలుగు రాదు, మరాఠీ రాదు!" అని తిడుతూనే దాని చెవులు నిమిరేవాడు. రోజు మొత్తంలో ఆయన మాట్లాడేది దానితోనే.

నా సంగతి వేరు. ఏదైనా పోయినప్పుడల్లా కట్టెను వీపు వెనక దాచుకుని, మన ఊళ్లో పిలిచినట్టే తియ్యగా "దా, దా" అనేవాణ్ణి. రెండోసారికే దానికి తెలిసిపోయింది. ఆపైన నా నోట ఆ మాట వస్తే చాలు, కొండెక్కేది.

ఒక సాయంత్రం కుక్కలను పట్టే బండి వచ్చింది. అందులో ఎక్కిన కుక్క తిరిగి రాదని అందరికీ తెలుసు. వలలతో ఇద్దరు దిగగానే అన్న పరుగున వెళ్లి వాళ్లకు అడ్డం నిలబడి, దాన్ని పారిపొమ్మని "హాడ్! హాడ్!" అని గొంతు చించుకున్నాడు. పేరు పెట్టి పిలుస్తున్నాడనుకుని అది సంబరంగా ఆయన వైపే, అంటే వల వైపే ఉరికింది.

"తమ్మీ, నేనెంత పొమ్మంటే గంత మీదికొస్తుంది! జర ఏమన్న జెయ్యి!"

అప్పుడు తట్టింది నాకు. ఉత్త చేతులు చాచి, ఎన్నడూ లేనంత ప్రేమగా "దా బిడ్డా, దా దా" అన్నాను. అది నన్నొక్క చూపు చూసి, వల విప్పేలోగా గోడ దూకి, కొండ మీద చుక్కంతైంది.

"నీ పిలుపుల ఏం విషమున్నదో గని తమ్మీ, పానం నిలిపినవ్!" అని అన్న నేల మీద కూలబడి నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు.

మూడో రోజు అది ఆయన దగ్గరికి తిరిగొచ్చింది. నేను ఎన్నిసార్లు రొట్టె చాచినా ముట్టలేదు, నేను అక్కడి నుంచి వచ్చేసేదాకా అంతే.

ఇప్పుడా క్యాంపే లేదంటారు. అన్న ఊళ్లో పత్తి చేను చూసుకుంటూ ఫోన్‌లో గంటసేపు ముచ్చట పెడతాడు. కుక్క వయసు లెక్కవేసే ధైర్యం మా ఇద్దరిలో ఎవరికీ లేదు. ఈ వీధిలో ఏ కుక్కను పిలిచినా ఇప్పుడు చేతిలో తినేది ఏదో ఒకటి పట్టుకునే పిలుస్తాను. హాడ్‌ను మాత్రం కట్టె దాచుకుని పన్నెండుసార్లు, నిజంగా ఒక్కసారి పిలిచాను. పిలుపుకొకటి చొప్పున పదమూడు రొట్టెలు నేటికీ బాకీ ఉన్నాను.