ఈశాన్యపు గోడకు రంగు

మీ ఇంట్లో ఆడవాళ్లు స్నానం చేసే చోటికి లోపలి నుంచి గడియ పడుతుందా? గుర్తుచేసుకోవడానికి ఒక్క క్షణం ఆగారంటే మీకు తెలియదన్నమాట. నాకూ తెలియదు. వాస్తు ఎందుకు అబద్ధమో, ముహూర్తం ఎందుకు మోసమో అడగడానికి నా దగ్గర సంచీ నిండా ప్రశ్నలుండేవి. ఈ ఒక్క ప్రశ్న మాత్రం ఆ సంచీలో లేదు.

మా నాన్న ఉత్తర తెలంగాణ పల్లె నుంచి సూరత్ మరమగ్గాల మీద పనికి వచ్చినవాడు. ఆయన, ఆయనతోటి నేతపనివాళ్లు కొందరు ఆదివారాలు ఒకచోట చేరి కులం మీద, తంతుల మీద, దేవుడి మీద గొంతులు పోయేలా వాదించుకునేవారు. ఎవరు ఏం చెప్పినా ‘ఎందుకు?’ అని అడగాలన్నది అక్కడి నియమం. నేను ఆ చాపల మీదే పెరిగాను. తర్వాత మగ్గాల కార్ఖానాలో గుమాస్తానయ్యాను, చిన్న పత్రికలకు వ్యాసాలు రాశాను, ఆ ఆదివారపు కూటమిలో నాన్న కూర్చునే చోట నేను కూర్చున్నాను. నా నోటికి భయపడి మా బంధువుల్లో కొందరు తమ ఇంటి గృహప్రవేశాలకు నన్ను పిలవడం మానేశారు. దానికి నేను గర్వపడేవాణ్ణి.

ఏళ్ల తరబడి అద్దె గదుల్లో ఉన్నాక సూరత్‌లోనే కతర్‌గామ్‌లో ఒక పాత ఇల్లు మాకు అందే ధరకు దొరికింది. వజ్రాలు సానబెట్టే కార్ఖానాల మధ్య ఇరుకు సందు. పైకప్పులో ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బి సిమెంటు పెచ్చులు రాలేవి. గోడలు అడుగునుంచి చెమ్మ తాగి నడుము ఎత్తు వరకు నల్లబడ్డాయి. కరెంటు తీగలు ఎలుకలు కొరికినవి. అయినా అంత తక్కువకు రావడానికి కారణం ఇవేవీ కావు. ఆ ఇంటి స్నానాల గది, మరుగుదొడ్డి కలిసి ఈశాన్య మూలన ఉన్నాయి. పాత యజమానికి వ్యాపారంలో దెబ్బ తగిలితే ఎవరో వచ్చి, తప్పంతా ఆ మూలదేనని చెప్పారట. అతను ఆ గది తలుపు ఊడబీకి, గుమ్మానికి ఇటుకలు పేర్చి గోడ కట్టేశాడు. మెట్ల కింద, నిటారుగా నిలబడితే తల తగిలేంత జాగాలో ఇంకొక సండాసు కట్టించాడు. స్నానాలను వంటింట్లోని చోకడీలోకి మార్చాడు. ఇక్కడి పాత ఇళ్లలో వంటింటి మూలకు చిన్న గట్టు కట్టిన చదరం ఉంటుంది, అంట్లు తోమడానికి, బట్టలుతకడానికి. దాన్నే చోకడీ అంటారు.

ఆ ఇటుకల గుమ్మాన్ని చూడగానే నాకు పండగయింది. మరుసటి ఆదివారం కూటమిలో లేచి నిలబడి చెప్పాను: ‘ఈశాన్యంలో మరుగుదొడ్డి ఉన్న ఇల్లు కావాలనే కొన్నాను. ఆ గోడ పగలగొట్టి ఆ గదిని వాడి, ఏమవుతుందో అందరికీ చూపిస్తాను.’ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఇవాళ తలచుకుంటే చెవులు మండుతాయి.

ఇల్లు కొన్నాక చేతిలో మిగిలింది కొంచెం. ఆ కొంచెంతోనే మరమ్మతులు మొదలుపెట్టాం. తీగలు మార్పించాం, పైకప్పు పెచ్చులు కొట్టించి సిమెంటు పూయించాం. కూలి మిగులుతుందని పాత సున్నం గీకే పని నేనూ నా భార్యా చేశాం. ఆమె కొంగు ముక్కుకు చుట్టుకుని, స్టూలెక్కి గీకుతుంటే తల మీద తెల్లగా పొడి పడేది. ఈశాన్యపు గోడ వంతు వచ్చిన రోజు మా బావ వచ్చాడు. బావ అంటే మా అక్క భర్త, ఇళ్ల దలాలీ చేస్తాడు. ఈ ఇల్లు కుదిర్చింది కూడా ఆయనే.

“బామ్మర్దీ, సుత్తె కింద పెట్టు. గిట్ల తొందరపడితె ఎట్ల?” అన్నాడు. “నువ్వు వాస్తును నమ్ముతవో నమ్మవో నాకెందుకు? జర రీసేల్ సంగతి ఆలోచించు. రేపు అమ్మాల్నంటే, ఈశాన్యంల సండాసు కనబడితె కొనేటోడు చెప్పులు గూడ ఇడువడు, వాకిట్లకెళ్లే వాపస్ పోతడు.”

“నాకు గా నమ్మకం లేదు బావా.”

“నీకు లేకపాయె. వానికి ఉంటది గద! నీ నమ్మకం చూసి పైసలిస్తడా వాడు? మూసే ఉన్నది, మంచిగున్నది. మీదికెళ్లి పుట్టీ పెట్టి కలర్ కొట్టియ్. ఆడ గది ఉన్నట్టే తెల్వది.”

ఎవరు ఏం చెప్పినా ‘ఎందుకు?’ అని అడిగే నేను ఆ రోజు ఏమీ అడగలేదు. అడగకపోవడమే కాదు, ఆ మాట నాకు నచ్చింది. నేను వాస్తుకు లొంగడం లేదు, కేవలం మార్కెట్టును గౌరవిస్తున్నాను అని నాకు నేనే ఒక చక్కని వ్యాసం చెప్పుకున్నాను. రేపు కొనేవాణ్ణి మోసం చేస్తున్నానన్న సంగతి ఆ వ్యాసంలోకి రానివ్వలేదు. సుత్తె కింద పెట్టాను. గోడకు పుట్టీ పట్టించి, ఆ గోడ ఉన్న ముందు గది మొత్తానికి లేత పసుపు రంగు వేయించాను. కూటమి కూర్చునేది ఆ గదిలోనే కాబట్టి అక్కడ కొత్త టైల్స్ పరిపించాను, పుస్తకాలకు తలుపులున్న చెక్క అలమర చేయించాను. అంతటితో డబ్బు అయిపోయింది. వంటింట్లోకి ఆ పసుపు రంగు డబ్బా అడుగున మిగిలింది కూడా వెళ్లలేదు.

మేం ఆ ఇంట్లోకి చేరాం. చోకడీకి అడ్డంగా నా భార్య పాత చీర ఒకటి కట్టింది. వంటింటి కిటికీకి ఎదురుగా వజ్రాల కార్ఖానా పై అంతస్తు ఉంటుంది. అక్కడి కుర్రాళ్లు సానచక్రం ముందు నుంచి లేచి టీ తాగడానికి కిటికీ దగ్గరకే వస్తారు. అందుకని స్నానం వేళ మా ఆడవాళ్లు కిటికీ మూసుకునేవాళ్లు. స్టవ్ వేడి, వేడినీళ్ల ఆవిరి, చీకటి. ముందుగదిలో నేను చదువుకుంటూ ఉండేవాణ్ణి. మంచినీళ్లు కావాలంటే లేచి వంటింట్లోకి వెళ్లబోయి, “ఆగు, బిడ్డ ఉన్నది!” అన్న కేక విని వెనక్కి వచ్చేవాణ్ణి. ఆ కేక నాకు విసుగనిపించేది.

మా అమ్మాయి పదకొండో తరగతి. రోజూ తాడు మీద దాని నైటీ నీళ్లు కారుతూ వేలాడేది. రోజూ చూశాను. ఉతికినవన్నీ పిండి ఆరేస్తారు కదా, అదొక్కటే పిండకుండా ఎందుకుంటుంది? అడగలేదు.

నా భార్య మాత్రం అడిగింది. ఆమెకు దేవుడంటే భక్తి, వాస్తు అంటే భయం. శుక్రవారం దీపం పెట్టకుండా పచ్చి మంచినీళ్లు ముట్టదు.

“ఆ గోడ ఎప్పుడు తీపిస్తవయ్యా?”

“అదేంది, ఈశాన్యంల సండాసు దోషమని నువ్వే గద అంటవు!” అని ఎకసెక్కం చేశాను.

“దోషముంటే నా మీద పోనియ్. పిల్ల తలుపేసుకొని తానం చెయ్యాలె.”

నమ్మే మనిషి దోషాన్ని తలకెత్తుకోవడానికి సిద్ధపడింది. నమ్మని మనిషినైన నేను “రీసేల్ పోతదే” అన్నాను. ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఇంకెప్పుడూ అడగలేదు. నేను గెలిచాననుకున్నాను.

తర్వాత ఒక ఆదివారం కూటమిని మా ఇంట్లో పెట్టాను. కొత్త టైల్స్ మీద చాపలు పరిచాను. వచ్చినవాళ్లలో నా చిన్ననాటి స్నేహితుడు, మగ్గాలు బాగుచేసే మనిషి ఒకడున్నాడు. కూర్చుంటూనే అందుకున్నాడు.

“ఏదీ అన్నా, నీ ఈశాన్యం బాత్రూం? గది చూద్దామనే గింత దూరం వచ్చినం. పొద్దుగాల్నుంచి ఆపుకొని వచ్చిన నేను. అండ్ల పోయొస్తె అరిష్టమెవనికో ఇయ్యాల తేలిపోవాలె!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, “పని జర పెండింగ్ ఉన్నది” అన్నాను.

అప్పుడే మా అమ్మాయి టీ గ్లాసుల పళ్లెంతో వచ్చింది. “పెండింగ్ కాదంకుల్, పెయింటింగ్. అది గూడ హో గయా,” అంది. వెనక గోడ వైపు గడ్డంతో చూపించింది. “గదే బాత్రూం. వాళ్లు గోడ కట్టిన్రు, మా బాపు రంగేసిండు.”

నవ్వు ఒక్కసారిగా ఆగలేదు. కొందరికి అర్థమయి ఆపారు, కొందరు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆ సందులో నేను గొంతు సవరించుకున్నాను. వాస్తు వేరు, మార్కెట్టు వేరు అని మొదలుపెట్టాను. బాగానే మాట్లాడుతున్నాను కూడా. వంటింటి గుమ్మంలోంచి నా భార్య గొంతు వినిపించింది.

“అన్నలూ, ఒక్క మాట. నేను దీపం పెడితె ఈయన నవ్వుతడు. ఈయన దేవుని పేరు రీసేలు. ఆ దేవుడు ఎప్పుడొస్తడో తెల్వది. వచ్చేదాంక నా బిడ్డ ఆ చీరె ఎనుక బట్టల మీదనే నీళ్లు పోసుకుంటది, రోజు.”

నా స్నేహితుడు తాగని టీ గ్లాసును మెల్లగా చాప మీద పెట్టాడు. మా అమ్మాయి ఖాళీ పళ్లెం గుండెకు అదుముకుని లోపలికి పరుగెత్తింది. దాని సంగతి పదిమంది మగవాళ్ల ముందు బయటపడింది, నా వల్ల. తాడు మీద నీళ్లు కారే నైటీ అప్పుడు కళ్లముందుకొచ్చింది. కూటమి ఏం వాదించకుండానే ముగిసింది. వాళ్లు చెప్పులు వేసుకుంటుంటే, వెళ్లిపోతున్నారు కదా అని నాకు తేలికగా అనిపించింది. అలా అనిపించినందుకు కూడా సిగ్గుపడుతున్నాను.

ఆ సాయంత్రమే సుత్తె తీశాను. మొదటి దెబ్బకు పసుపు పెచ్చు ఒకటి ఊడి కొత్త టైల్స్ మీద పడింది. వెనక నుంచి నా భార్య అంది: “జర మెల్లగ కొట్టు. కలర్ పోతది.”

ఇటుకల వెనక గది అలాగే ఉంది. సగం పగిలిన ఆకుపచ్చ పలకలు, బిగుసుకుపోయిన కొళాయి, పైన గాలికోసం చిన్న కిటికీ, అందులోంచి ఆకాశం తప్ప ఏమీ కనబడదు, ఎవరికీ కనబడం. లేనిది తలుపొక్కటే. తలుపు కొనడానికి డబ్బు లేదు, రంగుకూ అలమరకూ పోయింది. పుస్తకాలు కిందికి దించి, అలమర తలుపులు రెండూ విప్పి, పక్కపక్కన పెట్టి అడ్డంగా చెక్కముక్కలు వేసి మేకులు కొట్టాను. పొడవు చాలలేదు. కింద జానెడు సందుకు రేకు ముక్క బిగించాను. గడియ మాత్రం మా అమ్మాయే వెళ్లి కొనుక్కొచ్చింది. దుకాణంలో ఉన్న వాటన్నిటిలో పెద్దది. బిగించాక లోపలికి వెళ్లి వేసింది, తీసింది, మళ్లీ వేసింది. నా భార్య లోపల అడుగుపెట్టే ముందు గడపకు పసుపు రాసి బొట్టు పెట్టింది. ఎకసెక్కం చేసే హక్కు నాకిక లేదు.

కొన్నాళ్లకు బావ వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు. “రేటు పడగొట్టినవ్ గద బామ్మర్దీ!”

“మామా, లోపల్నుంచి గడియ పడే బాత్రూం ఉన్నదని చెప్పి అమ్ము,” అంది మా అమ్మాయి. నాతో మాత్రం ఇప్పటికీ సరిగ్గా మాట్లాడదు. పొద్దున ఆ గడియ పడే చప్పుడు ముందుగదిలోకి వినిపిస్తుంది. తలుపుల్లేని అలమరలో పుస్తకాలకు దుమ్ము పడుతోంది, పడనీ. ఆ చప్పుడు విన్నప్పుడల్లా తల దించుకుంటాను.

ఈ వ్యాసం బాగుందని ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు. పుస్తకం మూసి లేవండి. మీ ఇంట్లో ఆడవాళ్లు స్నానం చేసే చోటికి వెళ్లండి, లోపల నిలబడి గడియ వేసి చూడండి. పడకపోతే ఇవాళే కొత్తది తెచ్చి మీ చేత్తో బిగించండి. ముందుగది గోడల రంగు అప్పటిదాకా ఆగుతుంది.