నోరు ఒకరిది, గొంతు ఒకరిది

మన ఊళ్ళో కౌంటర్లకు బిగించే అద్దాల మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. అద్దం మొహం ఎత్తులో ఉంటుంది, దానికి పెట్టిన కంత పొట్ట ఎత్తులో ఉంటుంది. లోపలివాళ్ళ మొహం చూస్తే మాట వినపడదు, మాట కోసం వంగితే మొహం కనపడదు. ఖరగ్‌పూర్‌లో సగం నడుం నొప్పులకు ఈ వంగడమే కారణమని నా అనుమానం. నడుం నా శాఖ కాదు కాబట్టి ఊరుకుంటాను. నా శాఖ చెవి.

2023 వానాకాలం. న్యూ సెటిల్‌మెంట్‌లో ఒక మందుల దుకాణం పైన నా క్లినిక్. నేను ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్షించి మెషీన్ అమర్చేవాణ్ణి. డాక్టర్ని కానని బోర్డు మీదే రాయించాను. బోర్డు ఎవరూ చదవరు.

ఆ రోజు యేసురత్నం గారు వచ్చి, పాడైన చేపను వాపసు తెచ్చినట్టు, హియరింగ్ ఎయిడ్ డబ్బాను నా బల్ల మీద పెట్టారు. రైల్వే వర్క్‌షాపులో సమ్మెట పని చేసి రిటైరై, తాల్‌బగీచాలో ఇల్లు కట్టుకున్న మనిషి. వెంట కూతురు ప్రిసిల్లా, బళ్ళో లెక్కల టీచరు. మెషీన్‌ను ట్రయల్ మీద ఇచ్చి ఉన్నాను. అంటే కొన్నాళ్ళు వాడి చూసి, నచ్చకపోతే తిరిగి ఇచ్చేయవచ్చు.

"ఇది నాకొద్దు డాక్టరు బాబూ. దీని బదులు ఇంకోటి కూడా వద్దు."

"ఏమైంది బాబాయ్?"

"ఏటవుద్ది? మాటలన్నీ కలిసిపోతన్నాయి. నోట్లో పకోడీ ఎట్టుకుని మాటాడినట్టుంది."

ప్రిసిల్లా తండ్రి వైపు చూడకుండా చెప్పింది. "అన్నయ్యా, ఇది కూడా వదిలేస్తే ఈయన మనుషుల్లోకి రాడు. ఇప్పటికే కంచం పట్టుకుని వరండాలోకి పోతన్నాడు. ఎవరేటడిగినా నవ్వి ఊరుకుంటాడు. సాయంత్రం నాతో గేమ్ ఆడడం ఒక్కటే మిగిలింది. నిన్న దాన్నీ మధ్యలో వదిలేసి లేచిపోయినాడు."

గేమ్ అంటే క్యారమ్స్ అనుకున్నాను. కాదట. ఆర్‌పీజీ అట, రోల్ ప్లేయింగ్ గేమ్. ఆడేవాళ్ళు అందులో ఒక పాత్రగా దిగి, నెలల తరబడి రాజ్యాలు తిరుగుతారు. దారిలో కనపడ్డ ప్రతి సిపాయీ, ప్రతి దుకాణందారూ ఆపి తన కష్టం చెప్పుకుంటాడు. అది వినడానికి గేమ్ కొనుక్కోవాలా అన్న ప్రశ్న నాకు వచ్చింది గాని, అడగలేదు. ఆ మాటలు అందితేనే మెషీన్ పెట్టుకుంటానని ఆయన ముందే షరతు పెట్టాడట.

మెషీన్ విప్పి చూశాను, ఏ లోపమూ లేదు. ఆడియోగ్రామ్ తీశాను. ఏ స్థాయి శబ్దం చెవికి అందుతోందో చూపించే గీత అది, మారలేదు. ఇక స్పీచ్ టెస్ట్. నేను ఒక్కో మాట చెప్తాను, ఆయన తిరిగి చెప్పాలి. పేషెంటు నా పెదాలు చూసి చెప్పేయకుండా నోటికి ఒక అట్ట అడ్డం పెట్టుకుంటాను. మెషీన్‌తో చాలా మాటలు సరిగ్గానే చెప్పాడు. ఎందుకో అట్ట దించి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఒక్కటీ తప్పలేదు. కొన్నిటికి నేను పూర్తి చేయకముందే జవాబు వచ్చేసింది.

"బాబాయ్, మీరు నా నోరు చూస్తున్నారా?"

"సూడరేటి? సమ్మెట మోగేకాడ మాటెవడికి ఇనపడుద్ది బాబూ? నోరు సూసి కనిపెట్టడమే. ఆ సివర ఒకడు టీకెల్దామా అంటే ఈ సివర మాకు తెలిసిపోద్ది."

"డబ్బింగ్ సినిమాలు చూస్తారా?"

"నాకు పడవు. మా యావిడి పెడితే లేసిపోతాను."

ప్రిసిల్లా ఫోనులో ఆ గేమ్ వీడియో ఉంది. పెట్టమన్నాను. వెండి జుట్టు పిల్ల ఒకర్తె ఇంగ్లీషులో ఏదో శపథం చేస్తోంది. ఏమందని అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు. రైల్వే ఇంగ్లీషులో ముప్పై ఏళ్ళు నెట్టుకొచ్చినవాడు, భాష రాక కాదు. ఫోను బోర్లించి అదే మళ్ళీ వినిపించాను.

"గోడ కూలిపోయినా కదలనంటంది," అన్నాడు ఠక్కున.

బొమ్మ కనపడకపోతేనే బాగా వినపడుతోంది. నా సర్వీసులో అలాంటి పేషెంటు అంతవరకు తగల్లేదు.

"అమ్మా, ఈ పిల్ల నోరు ఏ భాషలో కదులుతోంది?"

"జపనీస్‌లో అన్నయ్యా. కొన్ని గేముల్లో ఇంగ్లీషుకి నోరు మళ్ళీ గీస్తారు. ఇందులో గియ్యలేదు."

నోరు జపాను వాళ్ళది, గొంతు ఇంగ్లీషు వాళ్ళది. మధ్యలో మా యేసురత్నం గారు పెదాల మీద ఒక మాట చదువుతూ, చెవిలో ఇంకో మాట వింటూ, తప్పంతా మెషీన్ మీద వేశాడు. ఏది మేలన్న దాని మీద ఆడేవాళ్ళలో పెద్ద తగువే ఉందని ప్రిసిల్లా చెప్పింది. జపనీస్ గొంతుల్లో మాటకు ముందు ఊపిరి కూడా వినపడుతుందట. అలాగని ఇంగ్లీషు వాళ్ళను తీసిపారేయకూడదట, ఈ గేమ్‌లోని ముసలి సిపాయి గొంతు ఇంగ్లీషులోనే గొప్పదట. ఉద్యోగరీత్యా నేను తటస్థుణ్ణి.

"నాకైతే జపనీసే ఇష్టం. నాన్నకి అందాలని ఇంగ్లీషు పెట్టినాను," అంది.

"నీకు జపానిష్టమని నాకెప్పుడైనా సెప్పినావేటే?"

"చెప్పినాను. నువ్వు నవ్వి ఊరుకున్నావు."

ఆయన డబ్బా మూత తీసి, మెషీన్ మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు. నేను మెషీన్ సెట్టింగ్ మార్చలేదు, గేమ్ సెట్టింగ్ మార్పించాను. గొంతు జపనీస్, కింద అక్షరాలు ఇంగ్లీష్. బటన్ నొక్కేదాకా అక్షరాలు అక్కడే నిలబడి ఉంటాయట. కౌంటర్లలో మనుషులకు కూడా లేని ఓపిక.

దుర్గాపూజ అయ్యాక చెకప్‌కి ఇద్దరూ వచ్చారు. మెషీన్ చెవికే ఉంది. ముసలి సిపాయి చచ్చిపోయాడని యేసురత్నం గారు చెప్పాడు. "జపానులో ఆడన్నది ఒక్క ముక్క తెలీదు బాబూ. ఏడుపొచ్చేసింది."

"కంచం లోపలికి తెచ్చేసినాడు అన్నయ్యా. ఇప్పుడు మేమంతా తలొంచుకుని మాటాడుతున్నామని తిడతన్నాడు," అంది ప్రిసిల్లా.

మనిషికి ఎంత వినపడుతుందో కొలవడం నాకు కాలేజీలో నేర్పారు. అతను వినడం ఎక్కడ నేర్చుకున్నాడో అడగాలని ఈ కేసు నేర్పింది. గీత చెవి సంగతే చెప్తుంది, ఆ చెవికి తోడు కళ్ళు ఎన్నేళ్ళు డ్యూటీ చేశాయో చెప్పదు. ఇదంతా యేసురత్నం గారికి కూడా తెలియాలనిపించింది. ఆయన వివరాలు కంప్యూటర్లోకి ఎక్కిస్తూ, పెదాలు, ధ్వని, మెదడు అంటూ కాస్త పొడుగ్గానే చెప్పాను. బాగా కుదిరిందనే అనుకున్నాను. ఆయన చివరిదాకా మర్యాదగా కూర్చున్నాడు.

"సాలా సేపు సెప్పినారు డాక్టరు బాబూ. అంతా ఆ కంప్యూటరుకే సెప్పినారు. నాకు సగం కూడా అందలేదు."