కంప్యూటర్ పుస్తకంలో నాయన పట్టిన తప్పు

కరోనా తగ్గిన మరుసటి ఏడు. అప్పటికే హిందూపురంలో ఒక చిన్న ప్రచురణ సంస్థలో ఎడిటర్‌ని. ఖగోళం, చట్టం, ఆర్థికశాస్త్రం, ఏదైనా సరే వంద పేజీల్లో మామూలు జనానికి పరిచయం చేసే పుస్తకాలు మావి. ప్రూఫ్, అంటే అచ్చుకు ముందు సరిచూసుకునే కాపీని, ఆ సబ్జెక్టు చదవని మనిషితో చదివించడం నా పద్ధతి. అర్థం కాని చోట పెన్సిల్ గీత పెట్టమంటాను. ఆ గీతలు చూస్తే రచయితలకు ఒళ్లు మండుతుంది. మండనీ!

కంప్యూటర్ల మీద రాసిన ప్రొఫెసర్‌గారికి ఈ పద్ధతి వినగానే మరీ మండింది. "అయిదో తరగతి వాళ్లు నన్ను దిద్దుతారా?" అన్నారు. మా ఓనరు కూడా, "ఈ పుస్తకమే ఆఖరు, ఇక ఆ పద్ధతి ఆపేద్దామమ్మా, ఆలస్యం తప్ప ఒరిగేదేముంది?" అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ వారం ప్రూఫ్ చదవాల్సినామెకు జ్వరం. ఆదివారం మా ఊరు ధర్మవరం పోతూ ప్రూఫ్ వెంట తీసుకుపోయి, వేరే దిక్కులేక మా నాయనకిచ్చినాను. నలభై ఏండ్లుగా పట్టుచీరలు నేస్తున్నాడు. చదివింది అయిదు. వేలు పెట్టి ఒక్కో వరసా చదువుతూ రెండో అధ్యాయంలో ఆగినాడు.

"ఈడ తప్పుండాది పాపా."

"అర్థం కాలేదా నాయనా?"

"అర్థమయ్యే చెప్తాండా."

"ప్రొఫెసర్ రాసింది నాయనా అది!" కసురుకున్నాను.

"అయితే ఆయప్పను మగ్గం కాడికి పిల్చకరా."

కంప్యూటర్లు రాకముందే అట్టల్లో రంధ్రాలు చేసి యంత్రాన్ని నడిపించిన కథ ఆ అధ్యాయం. మగ్గం పైనుండే జకార్డు ఆ అట్టల ప్రకారమే పోగులను లేపి డిజైన్ తెస్తుంది. రంధ్రం ఉన్న చోట పోగు కిందే ఉంటుందని ప్రొఫెసర్‌గారు రాసినారు. నాయన మగ్గం తొక్కి చూపించినాడు. రంధ్రం ఉన్న చోటల్లా పోగు లేచింది. అంతా తలకిందులు! మూడుసార్లు చదివి వదిలేసినాను, మగ్గం పక్కనే పెరిగినదాన్ని. సిగ్గుతో చచ్చిపోయినాను.

వీడియో తీసి పంపితే ప్రొఫెసర్‌గారే ఫోన్ చేసినారు.

"ఎవరమ్మా పట్టింది?"

"మా నాయన సార్. అయిదో తరగతి." కావాలనే అన్నాను.

"తప్పు నాదే. ముందుమాటలో ఆయన పేరు వేయాలి" అన్నారు.

పద్ధతి ఆపే మాట మా ఓనరు మళ్లీ ఎత్తలేదు. పుస్తకం వచ్చినాక నాయన తన పేరున్న పేజీ తెరిచి వీధిలో ప్రతి మగ్గం దగ్గరా చూపించినాడు. ఆ పొద్దు నా గర్వం చెప్పనలవి కాదు.

ఇప్పుడు ప్రూఫ్ ఎవరికిచ్చినా, అర్థం కానిదేమిటని ముందుగా అడగను. ఇందులో మీకు తెలిసిందేముంది అని అడుగుతాను. ఆ ప్రశ్న మా ఇంట్లో అడగాలని మాత్రం నాకు అన్నేండ్లూ తోచనే లేదు.